సినిమా దృశ్యాన్ని లెక్కగా మార్చడం: సైన్స్ ఫిక్షన్, టీవీ కార్యక్రమాలతో పాఠం చెప్పాలనుకునే ఉపాధ్యాయులకు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. చిత్తూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మీరు కొత్తగా భౌతికశాస్త్రం బోధిస్తున్నారు. మధ్యాహ్న భోజనం తరువాతి పీరియడ్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు కళ్లు తెరిచే నిద్రపోతున్నారు. గదిలో ప్రభుత్వం అమర్చిన ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది కనుక సైన్స్ ఫిక్షన్ సినిమాలు, పిల్లలు ఇష్టపడే టీవీ కార్యక్రమాలు కొంచెం చూపిస్తే పాఠం మీదికి మనసు మళ్లుతుందేమోనని మీకు అనిపిస్తోంది. అయితే "సినిమాలు చూపిస్తూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు" అని సీనియర్లు అంటున్నారు. చూపించవచ్చునా, చూపిస్తే ఏ పద్ధతిలో, పరీక్షకు పనికొస్తుందా అన్నవి మీరు అడిగినవి.

చూపించవచ్చు. తిరుపతి, చిత్తూరు ప్రాంతపు బడుల్లో చాలాకాలం ఇదే సబ్జెక్టు చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా నేను పెట్టే షరతు ఒక్కటే: సినిమాను బహుమానంగా చూపించకండి, ప్రశ్నగా చూపించండి. మన బడుల్లో సాధారణంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. పాఠం అయిపోయింది కనుక శనివారం ఒక సినిమా వేసుకుందాం అనేది మొదటిది. అందులో పిల్లలకు దొరికేది విశ్రాంతి, దానికి పాఠంతో సంబంధం లేదు. దృశ్యం చూపించి "ఇదంతా అబద్ధం, ఇలా జరగదు" అని మాస్టారు తేల్చేయడం రెండవది. ఇది చూడటానికి శాస్త్రీయంగా ఉంటుంది గానీ, తీర్పు మాస్టారే చెప్పేశాక పిల్లవాడు ఆలోచించడానికి మిగిలేది ఏమీ ఉండదు. పైగా ఇష్టపడి చూసిన సినిమాను ఎగతాళి చేస్తే వాడు మనసులో సినిమా పక్షానే నిలబడతాడు.

అందువల్ల "ఇది సాధ్యమా?" అనే ప్రశ్నను పక్కన పెట్టి "ఎంత?" అని అడగండి. ఎంత బలం, ఎంత వేగం, ఎంత దూరం, ఎన్ని సెకన్లు. సాధ్యమా అంటే అవుననో కాదనో అరిచి ఊరుకుంటారు. ఎంత అంటే పెన్ను తీయాలి, పాఠ్యపుస్తకంలో ఏ సూత్రం పనికొస్తుందో వెతకాలి, ప్రమాణాలు సరిచూసుకోవాలి. ఇక్కడినుంచి నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్నకు ఉదాహరణలే.

మొదటిది, అన్నిటికంటే ఫలవంతమైనది, వ్యోమగాములు తేలే దృశ్యం. అంతరిక్షం మీద తీసిన ఏ సినిమాలోనైనా ఇది ఉంటుంది; అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుండి వచ్చిన నిజమైన వీడియోలు కూడా కావలసినన్ని ఉన్నాయి. ఒక నిమిషం చాలు. దృశ్యం వేయడానికి ముందే, భూమి ఉపరితలం మీద గురుత్వ త్వరణం 9.8 మీ/సె² అయితే 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ కేంద్రం వద్ద దాని విలువ ఎంత ఉంటుందనుకుంటున్నారో ప్రతి ఒక్కరినీ నోటుపుస్తకంలో రాయమనండి. చర్చ వద్దు, పక్కవాడితో మాట వద్దు, ఒక సంఖ్య మాత్రం రాయాలి. తరగతిలో ఎక్కువమంది సున్నా రాస్తారు. కొందరు జాగ్రత్తపరులు 1 అనో 2 అనో రాస్తారు. అప్పుడు దృశ్యం చూపించండి, సున్నా రాసినవాళ్లకు ధైర్యం వస్తుంది. ఆ తరువాత లెక్క చేయించండి. భూమి వ్యాసార్థం సుమారు 6,370 కిలోమీటర్లు. కేంద్రం ఉన్నది భూకేంద్రం నుండి 6,770 కిలోమీటర్ల దూరంలో. గురుత్వ త్వరణం దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని పుస్తకంలో ఉన్న సంగతే. 6,370ని 6,770తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 9.8తో గుణిస్తే దాదాపు 8.7 వస్తుంది.

ఈ సంఖ్య బోర్డు మీద పడగానే తరగతి కాసేపు నమ్మదు. లెక్క తప్పని మళ్లీ చేస్తారు. చేయనివ్వండి. రెండోసారీ 8.7 వచ్చాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మరి అంత గురుత్వం ఉంటే ఆడ యట్ల తేలతాండారు సార్?" మీరు ఆ రోజు చెప్పదలచుకున్న పాఠం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. స్వేచ్ఛాపతనం (గురుత్వం ఒక్కటే లాగుతుండగా పడటం), భారరహిత స్థితి (అలా పడేటప్పుడు బరువు తెలియకపోవడం) అనే రెండు మాటలను మీరు మొదట బోర్డు మీద రాసి నిర్వచనం చెప్పి ఉంటే ఈ ప్రశ్న పుట్టేది కాదు.

దీనికి జవాబు నోటితో చెప్పకుండా బడి మేడమెట్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఒక లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకుని అడుగుకు రెండు వేళ్ల పైన వేడిచేసిన మేకుతో చిన్న రంధ్రం చేయండి. రంధ్రానికి వేలు అడ్డం పెట్టి నీళ్లు నింపండి, మూత పెట్టవద్దు. వేలు తీస్తే నీళ్లు ధారగా బయటికి చిమ్ముతాయి. సీసాను అలా చిమ్ముతూండగానే మొదటి అంతస్తు నుండి కిందికి వదలండి. సీసా పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. సీసా, నీళ్లు ఒకే త్వరణంతో పడుతున్నప్పుడు పైనున్న నీరు కింది నీటిని నొక్కదు కనుక రంధ్రం నుండి బయటికి నెట్టే పీడనం ఉండదు. గురుత్వం ఎక్కడికీ పోలేదు, అది ఉన్నందువల్లనే సీసా పడుతోంది. అంతరిక్ష కేంద్రం కూడా ఇలాగే నిరంతరం పడుతూ ఉంటుంది, కాకపోతే పక్కకు సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగంతో పోతూ పడుతుంది కనుక భూమి వంపు దాని కిందనుండి తప్పుకుంటూ పోతుంది. ఆ వేగంతో తిరుపతి నుండి చెన్నై చేరడానికి ఎంతసేపు పడుతుందని అడగండి. 135 కిలోమీటర్లు అనుకుంటే 18 సెకన్ల లోపే. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మూడు గంటలు కూర్చున్న పిల్లలకు ఈ సంఖ్య ఎంత పెద్దదో విడమరచి చెప్పనక్కరలేదు.

సీసా పడటం క్షణంలో అయిపోతుంది కనుక వెనక వరుసవాళ్లకు కనబడదు. ఫోనులో స్లో మోషన్‌లో తీసి ప్యానెల్ మీద వేయండి. నిజం చెప్పాలంటే గోడ మీది ఆ ప్యానెల్‌ను నేను చూసినంతలో బాగా వాడినవాళ్లు సినిమాలకంటే ఇలా పిల్లలు తామే తీసిన వీడియోలకే ఎక్కువ వాడారు.

రెండవ ఉదాహరణ అంగారకుడి తుపాను. 2015లో వచ్చిన ‘ది మార్షియన్’ చిత్రం ఆరంభంలో అంగారకుడి మీద పెద్ద గాలివాన వంటి దుమ్ము తుపాను వస్తుంది. తిరిగి వెళ్లవలసిన రాకెట్ వాహనం ఒరిగిపోతుందని భయపడి తోటివాళ్లు బయలుదేరిపోతారు, కథానాయకుడు ఒంటరిగా మిగిలిపోతాడు. కథ మొత్తం ఈ తుపాను మీద నిలబడింది. ఇక్కడ "అంగారకుడి మీద తుపాన్లు వస్తాయా" అని అడగవద్దు, వస్తాయి. అక్కడి గాలులు బలంగా వీచినప్పుడు గంటకు 100 కిలోమీటర్ల దాకా పోతాయి. మీరు అడగవలసింది, ఆ గాలి మనిషిని ఎంత బలంతో తోస్తుందని.

భూమి మీద గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోగ్రాములు. అంగారకుడి మీద సుమారు 0.02 కిలోగ్రాములు. అంటే అరవయ్యో వంతు. ఇక వేగం సంగతి. తొమ్మిదో తరగతిలో బలం అంటే ద్రవ్యవేగంలో మార్పు రేటు అని వారు చదివే ఉంటారు కనుక దాన్నే ఇక్కడ వాడించండి. గాలి వేగం రెట్టింపు అయితే ఒక సెకనులో మనిషికి తగిలే గాలి ద్రవ్యరాశి రెట్టింపవుతుంది. ఆ గాలిలో ప్రతి కణమూ రెట్టింపు వేగంతో వచ్చి తగులుతుంది. కాబట్టి బలం నాలుగు రెట్లు అవుతుంది. వేగపు వర్గం అనే సంగతి ఇలా పిల్లల చేతనే చెప్పించవచ్చు, కొత్త సూత్రం ఏదీ అవసరం లేదు. ఇప్పుడు తిరగేసి అడగండి: అంగారకుడి మీద 100 కిలోమీటర్ల గాలి తోసినంత బలంగా తోయడానికి భూమి మీద గాలి ఎంత వేగంతో వీస్తే చాలు? అరవైకి వర్గమూలం సుమారు 7.7. వందను దానితో భాగిస్తే 13. మన ఊళ్లో గాలి లేని రోజున సైకిలు మీద తాపీగా వెళ్లేటప్పుడు ముఖానికి తగిలే గాలి అంతే ఉంటుంది.

తరగతి నవ్వుతుంది. నవ్వు ఆగాక ఇంకొక ప్రశ్న వేయండి, ఎందుకంటే నవ్వుతో ఆపేస్తే మళ్లీ ఎగతాళి పద్ధతికే వెళ్లిపోతాం. ఈ కథకు ఆధారమైన నవల రాసిన ఆండీ వీర్ ఈ సంగతి తెలిసే రాశానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. మిగిలిన కథంతా లెక్కలు సరిచూసుకుని రాసిన మనిషి ఇక్కడ మాత్రం ఎందుకు వదిలేశాడు? కథానాయకుడిని ఒంటరిని చేయడానికి ప్రకృతే కారణం కావాలని అనుకున్నాడు కనుక. అయితే శాస్త్రానికి విరుద్ధం కాకుండా అతణ్ణి అక్కడ వదిలేయడానికి ఇంకేదైనా ఉపాయం ఉందా అని పిల్లలను అడగండి. ఉల్కాపాతం అంటారు, ఇంజిన్ పేలుడు అంటారు, ఒక అమ్మాయి పిడుగు అనవచ్చు, ఒక్కొక్కదానికీ మళ్లీ "ఎంత?" అని అడుగుతూ పోవచ్చు. అదే కథలో హైడ్రజీన్ అనే రాకెట్ ఇంధనం నుండి హైడ్రోజన్ తీసి మండించి నీళ్లు తయారుచేస్తాడు, దాంతో బంగాళాదుంపలు పండిస్తాడు. హైడ్రోజన్ మండితే నీరు వస్తుందన్నది రసాయనశాస్త్రం పాఠంలో మీరు ఎలాగూ చెప్పవలసినదే. రెండు గ్రాముల హైడ్రోజన్ మండితే పద్దెనిమిది గ్రాముల నీరు అన్న లెక్కను ఆ దృశ్యం పక్కన పెడితే రసాయన సమీకరణానికి ఒక పని దొరుకుతుంది.

ఎంపిక గురించి ఇక్కడే ఒక మాట. దృశ్యం ఎంత గొప్పదైనా పిల్లల చేతిలో ఉన్న పనిముట్లతో లెక్క తేలకపోతే దాన్ని వదిలేయండి. ‘ఇంటర్‌స్టెల్లర్’లో ఒక గ్రహం మీద గడిపిన ఒక గంట భూమి మీది ఏడేళ్లకు సమానం. ఆ చిత్రానికి శాస్త్ర సలహాదారు కిప్ థోర్న్, 2017లో నోబెల్ బహుమతి పొందినవాడు. విషయం సరైనదే. కానీ తొమ్మిదో తరగతిలో దానికి లెక్క లేదు. పిల్లలు "అవునా సార్" అని ఆశ్చర్యపోయి ఊరుకుంటారు. ఆశ్చర్యం మంచిదే, దానికి పీరియడ్ ఇవ్వనక్కరలేదు.

మన తెలుగులోనే బంగారంలాంటి ఉదాహరణ ఒకటి ఉంది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’లో కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్తుంది, తరువాత భవిష్యత్తుకు వెళ్తుంది. ఈనాటి పిల్లల్లో చాలామంది దాన్ని ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి టీవీలో చూసి ఉంటారు. కాలయంత్రం సాధ్యమా అని అడిగితే అరగంట వాదన జరిగి పీరియడ్ ముగుస్తుంది. దానికి బదులు ఇలా అడగండి: యంత్రం కాలంలో మాత్రమే కదులుతుంది, ఉన్నచోటు నుండి కదలదు అనుకుందాం. ఒక్క గంట ముందుకు వెళ్లి తలుపు తెరిస్తే ఎదురుగా ఏముంటుంది? భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. గంటకు 1,08,000 కిలోమీటర్లు. భూమి వ్యాసం సుమారు 12,740 కిలోమీటర్లు కనుక ఆ గంటలో భూమి తన వ్యాసానికి ఎనిమిదిన్నర రెట్లు దూరం జరిగిపోయి ఉంటుంది. తలుపు తెరిచినవాడికి కనిపించేది శూన్యమే.

అంతటితో ఆపకండి. కాసేపటికి చురుకైన పిల్లవాడెవడో సూర్యుడు కూడా కదులుతున్నాడు కదా అంటాడు. అవును, పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో. మరి "ఉన్నచోటు" అంటే దేనితో పోల్చి ఉన్నచోటు? తిరుమల ఘాట్ బస్సులో సీటు మీద కూర్చున్నవాడు బస్సుతో పోలిస్తే కదలడం లేదు, కొండతో పోలిస్తే కదులుతున్నాడు. సాపేక్ష చలనం అనే పాఠానికి ఇంతకంటే మంచి ప్రవేశం నాకు తెలియదు. పుస్తకంలో అదే విషయం మొదటి పేజీల్లో ఉంటుంది గానీ అక్కడ పిల్లలకు దాని అవసరం ఏమిటో తెలియదు.

ఇదే దృశ్యాన్ని సాంఘికశాస్త్రం చెప్పేవారితో పంచుకోండి. తిరుమల ఆలయంలో దేవేరులతో సహా చేతులు జోడించి నిలబడిన రాయల కాంస్య విగ్రహాన్ని మన పిల్లలు చూసే ఉంటారు. ఆయన పాలించినది 1509 నుండి 1529 వరకు. ఆ కాలంలో చంద్రగిరిలో దిగితే భోజనంలో ఏముంటుందో రాయమనండి. వేరుశనగ చట్నీ, టమాటా పప్పు అని తప్పకుండా రాస్తారు. చిత్తూరు జిల్లా రైతు వేసే వేరుశనగ, మదనపల్లె మార్కెట్లో కుప్పలుపోసే టమాటా, రెండూ అమెరికా ఖండాల పంటలు. మన నేలకు పోర్చుగీసు వంటి సముద్ర వర్తకుల రాకపోకలు మొదలయ్యాక వచ్చినవి. రాయల విస్తరిలో అవి ఉండవు. మిరపకాయదీ అమెరికా పుట్టుకే అంటే పిల్లలు అసలు ఒప్పుకోరు. మరి అప్పట్లో కారానికి ఏం వాడేవారని అడిగితే ఇంట్లో అవ్వను అడిగి వచ్చి మరునాడు మిరియాలు అంటారు.

టీవీ విషయానికి వస్తే పిల్లలు నిజంగా చూసేదేమిటో ముందు కనుక్కోండి. మనకు తెలిసిన సైన్స్ కార్యక్రమాలు వాళ్లు చూడరు. వాళ్లు చూసేది క్రికెట్, నేర పరిశోధన సీరియళ్లు, బొమ్మల చానెళ్లు. క్రికెట్ సులభం. తెర మీద గంటకు 144 కిలోమీటర్లు అని పడగానే దాన్ని సెకనుకు 40 మీటర్లుగా మార్చమనండి. పిచ్ పొడవు 20.12 మీటర్లు కనుక వేగం తగ్గదనుకుంటే బంతి చేరడానికి అర సెకను. ప్రమాణాల మార్పిడి నేర్పడానికి ఇంతకుమించి కావలసింది లేదు. ఆ వేగాన్ని కొలిచే రాడార్ పరికరం పనిచేసే సూత్రమే, అంటే తిరిగి వచ్చిన తరంగపు పౌనఃపున్యంలో వచ్చిన మార్పు నుండి వేగాన్ని లెక్కగట్టడమే, తిరుపతి నుండి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వద్దనున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో పై గాలుల వేగాన్ని కొలవడానికి వాడుతున్నారు. వాతావరణపు పై పొరలను గమనించే అక్కడి ఎం.ఎస్.టి. రాడార్‌కు 1,024 యాంటెన్నాలు ఉన్నాయి. బస్సు కిటికీలోంచి ఆ పేరు బోర్డు చూసిన పిల్లలకు లోపల ఏం జరుగుతుందో ఒక్క వాక్యంలో తెలిసినా మంచిదే.

నేర పరిశోధన సీరియళ్లలో మసకగా ఉన్న సీసీ కెమెరా బొమ్మను అధికారి "పెద్దది చెయ్" అనగానే కారు నంబరు స్పష్టంగా కనిపిస్తుంది. వెనక బెంచీ నుండి బోర్డును ఫోనుతో ఫొటో తీయించి ప్యానెల్ మీద పెద్దది చేస్తూ పొండి. కొంతదూరం పోయాక అక్షరాలు పోయి చతురస్రాలు మాత్రమే మిగులుతాయి. అక్షరం వెడల్పులో ఎన్ని గళ్లు ఉంటే దాన్ని చదవగలమో పిల్లలచేత లెక్కపెట్టించండి. కెమెరా పట్టుకోని సమాచారాన్ని తరువాత ఎవరూ పుట్టించలేరన్న సంగతి, సెల్‌ఫోన్ చేతిలో పెట్టుకుని పెరిగే ఈ తరానికి కటకాల పాఠంతో సమానంగా అవసరం.

పౌరాణిక సీరియళ్ల జోలికి మాత్రం ఈ పద్ధతితో పోకండి. పుష్పక విమానం వేగం ఎంత, బ్రహ్మాస్త్రం శక్తి ఎంత అని పిల్లలే అడుగుతారు. అది ఇంటి భక్తికి సంబంధించిన విషయం. తరగతి గదిలో లెక్కకు పెడితే ఒక ఇంట్లో బాధపడతారు, ఇంకొక ఇంట్లో దాన్నే శాస్త్రమని నమ్ముతారు, రెండూ మీకు అవసరం లేనివి. "అది తెలుగు మేడమ్ పీరియడ్‌లో మాట్లాడుకుందాం" అని నవ్వి పక్కకు తిప్పడం మేలు. ముఖ్యంగా మన తిరుపతిలో.

ఆచరణలో ఎదురయ్యే చిక్కులు కొన్ని చెబుతాను. దృశ్యం రెండు మూడు నిమిషాలకు మించకూడదు; నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో దృశ్యం పది నిమిషాలు తింటే లెక్కకు సమయం మిగలదు. ఇంగ్లీషు చిత్రమైతే ధ్వని తీసేసి మీరే తెలుగులో కథ చెప్పండి, లేదా తెలుగు అనువాదం దొరికితే అది వేయండి. లేకపోతే ఇంగ్లీషు అర్థమయ్యే నలుగురే జవాబులు చెబుతారు. సినిమా ఇదివరకే చూసినవాళ్లు, చూడనివాళ్లు అనే తేడా రాకుండా సందర్భాన్ని నాలుగు వాక్యాల్లో అందరికీ చెప్పండి, ఎందుకంటే హాస్టల్లో ఉండే పిల్లలకు ఇంట్లో టీవీ ఉన్న పిల్లలంత అవకాశం ఉండదు. దృశ్యాన్ని ముందురోజు ఆద్యంతం చూసుకోండి. మీకు కావలసిన నిమిషం తరువాతి పది సెకన్లలో ఏముందో తెలియకుండా ప్యానెల్ ముందు నిలబడవద్దు. నెట్ మీద ఆధారపడితే ఆ రోజే నెట్ రాదు.

హక్కుల విషయం కూడా కొందరు సందేహిస్తారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కింద, విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా, ఉపాధ్యాయులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు వంటి పరిమిత ప్రేక్షకులకు సినిమా చూపించడానికి మినహాయింపు ఉంది. దానర్థం దొంగ కాపీలు దింపుకోవచ్చునని కాదు, మీరు కత్తిరించిన ముక్కలను యూట్యూబ్‌లో పెట్టవచ్చునని అంతకంటే కాదు. పాఠం తరగతిలోనే ఉండనివ్వండి.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది, దృశ్యం మనసులో దిద్దుబాటుకంటే గట్టిగా నాటుకుంటుందని. అంతరిక్షంలో పేలుడు శబ్దం విన్న పిల్లవాడు, మీరు నోటితో "అక్కడ ధ్వని ఉండదు" అన్నా పరీక్షలో విన్నదే రాస్తాడు. అందుకే ముందు ఊహ, తరువాత దృశ్యం, ఆ పైన లెక్క, ఈ మూడూ ఒకే పేజీలో కిందుగా రాయించమంటున్నాను. తన సున్నా పక్కనే తన చేత్తో రాసిన 8.7 కనిపించాలి. ధ్వనికైతే శ్రీహరికోట ఉంది: ప్రయోగ వేదికకు అయిదు కిలోమీటర్ల దూరంలో నిలబడితే మంట కనిపించిన ఎన్ని సెకన్లకు గర్జన వినబడుతుంది? సెకనుకు 340 మీటర్ల చొప్పున దాదాపు 15 సెకన్లు. అదే రాకెట్ వాతావరణం దాటాక ఎంతసేపటికి వినబడుతుందని అడిగి ఊరుకోండి.

ఇక సీనియర్ల అభ్యంతరం. బడిలో టీవీ అనేది నిన్న మొన్నటి మోజు కాదని వారికి వినయంగా గుర్తు చేయవచ్చు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు నాసా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు విద్యా కార్యక్రమాలు ప్రసారం చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఉదయం కార్యక్రమాలు బడిపిల్లల కోసమే. భూమితో పాటు తిరిగే అటువంటి ఉపగ్రహాలతో ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చునని 1945లోనే వివరంగా రాసినవాడు ఆర్థర్ సి. క్లార్క్, తరువాత ప్రసిద్ధ సైన్స్ ఫిక్షన్ రచయిత అయ్యాడు. అయితే సిలబస్ మీద వారి ఆందోళన న్యాయమైనదే. అందుకు నా లెక్క ఇది: యూనిట్‌కు ఒక్క దృశ్యం, అదీ ఆ యూనిట్‌లోని ముఖ్య సూత్రం మీద. ప్రతి వారం చూపిస్తే పిల్లలకు అలవాటైపోయి మళ్లీ నిద్రపోతారు.

పరీక్షకు ఇది నేరుగా మార్కులు తెస్తుందని నేను చెప్పను. పదో తరగతి పిల్లవాడు భౌతిక రసాయన శాస్త్ర పత్రంలో నిర్వచనాలు, పటాలు, సమీకరణాలు రాయాలి; వాటికి వేరే సాధన కావాలి, దానికి దగ్గరి దారి లేదు. ఈ పద్ధతి వల్ల కనిపించే మార్పు వేరు: జవాబు రాగానే అది నమ్మదగిన పరిమాణమేనా అని ఒకసారి వెనక్కి చూసుకోవడం, ప్రమాణం లేకుండా సంఖ్య రాయడానికి వెనకాడటం. మనిషి బరువు 6,000 కిలోలని వచ్చినా గీత కొట్టి కిందికి పోయే పిల్లలు ఈ అభ్యాసంతో తగ్గుతారు. ఎఫ్.ఏ. (ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు పనుల్లో కూడా దీన్ని వాడుకోవచ్చు. ఎక్కడినుంచో ఎత్తిరాసే ప్రాజెక్టుకంటే తను చూసిన కార్యక్రమంలో ఒక దృశ్యానికి తనే వేసిన లెక్క దిద్దడానికి మీకూ ఆసక్తిగా ఉంటుంది.

వీలైతే తెలుగు ఉపాధ్యాయులతో కలిసి పిల్లలచేత ఒక పేజీ కథ రాయించండి. నియమం ఒకటే: ప్రకృతి నియమాల్లో ఒక్కదాన్ని మార్చుకోవచ్చు, మిగిలినవన్నీ యథాతథంగా ఉండాలి. గురుత్వం సగమైతే అలిపిరి నుండి మెట్లెక్కేవాడికి చేయవలసిన పని ఎంత తగ్గుతుంది, మరి దిగేటప్పుడు కాలికి రాపిడి ఎంత తగ్గుతుంది, జారే ప్రమాదం తగ్గుతుందా పెరుగుతుందా? ఇవన్నీ కథలోనే తేలాలి. అలిపిరి వద్దనున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి ఎలాగూ విహారయాత్ర తీసుకెళ్తారు కనుక ఈ కథలు రాసిన తరువాత తీసుకెళ్తే అక్కడి నమూనాల ముందు పిల్లలు ఎక్కువసేపు నిలబడతారు.

ఈ ఏడాదికి మీరు మొదలుపెట్టవలసిన క్రమం ఇలా ఉంటే బాగుంటుంది: చలనం పాఠానికి కాలయంత్రం, గమన నియమాలకు అంగారకుడి గాలి, గురుత్వాకర్షణకు తేలే వ్యోమగాములు, ధ్వనికి శ్రీహరికోట. పదో తరగతికి సంక్రాంతి తరువాత ఏదీ వద్దు, అప్పటికి వాళ్ల మీద స్లిప్ టెస్టుల భారం చాలినంత ఉంటుంది. సీసా ప్రయోగాన్ని మాత్రం ముందుగా ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకోండి. రంధ్రం మరీ సన్నగా ఉంటే ధార కనబడదు, మరీ పెద్దదైతే మేడ ఎక్కేసరికి నీళ్లు అయిపోతాయి. వదిలేటప్పుడు కింద ఎవరూ నిలబడకుండా చూడటానికి క్లాసు లీడరును పెట్టండి.